మా పాట పరుగెత్తిన ఎండాకాలం

ఆ ఎండాకాలం మా పాట నా బస్సులోనే నాకు ఎదురుపడింది.

మధ్యాహ్నం ట్రిప్పు. సీట్లు సగం ఖాళీ. వెనక వరసలో కాలేజీ పిల్లలు కొందరు ఒకే ఫోను మీదికి తలలు వంచి, ఏదో ముక్క మళ్ళీ మళ్ళీ వేసుకుని విరగబడి నవ్వుతున్నారు. మొదట పట్టించుకోలేదు. డ్రైవరు చెవి ఇంజిను మీదా, కన్ను రోడ్డు మీదా ఉండాలి. సిగ్నలు దగ్గర బండి ఆగి ఇంజిను గుర్రు తగ్గాక, ఆ ముక్కకి ముందొచ్చే డ్రమ్ము దరువు చెవిన పడింది. రెండు దెబ్బలు, కాస్త ఖాళీ, మళ్ళీ ఒక దెబ్బ. ఆ ఖాళీ మా అన్నయ్యది. అక్కడ అంత ఖాళీ వదిలే ధైర్యం ఇంకెవరికీ లేదు.

దాని వెనకే ఒక గొంతు. ఎలుకపిల్ల కిచకిచలాడినట్టుంది.

*మెల్లగ మెల్లగ రావే వానా*
*మేడ మీదే ఉన్నా నేను*
*బట్టలు తీసే దాకా ఆగు*
*తడిసే దాకా ఆగకు*

ఆ గొంతు నాది. ఇరవయ్యో ఏట నాకున్న గొంతు. ఎవరో దాన్ని పట్టుకుని గిర్రున తిప్పేశారు. పచ్చ లైటు పడటం, వెనక లారీవాడు హారను మీద చెయ్యి తియ్యకుండా నొక్కడం, రెండూ నాకు తెలియలేదు.

"ఏంటి డ్రైవరమ్మా, కునుకు పట్టిందా?" అంటూ కండక్టరు ముందుకొచ్చింది. మేమిద్దరం ఏళ్ళ తరబడి ఒకే బండి మీద ఉన్నాం. దాని నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది.

"ఏం లేదు," అని గేరు వేశాను.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా అమ్మాయి గుమ్మంలోనే కాచుకుని ఉంది. కళ్ళద్దాల దుకాణంలో పని దానికి. "అమ్మా, నీ పాట! మా దుకాణంలో అద్దాలు చూసుకోవడానికి వచ్చినావిడ కూడా అదే కూస్తోంది."

"తెలుసు. బస్సులో విన్నా."

"విన్నావా! అది నేనేనని చెప్పావా మరి?"

"ఎలా చెప్పను? స్టీరింగు వదిలేసి లేచి నిలబడనా?"

సంగతేమిటో అదే చెప్పింది. ఎక్కడో ఒక మేడ మీద ఆరేసిన బట్టల్ని కుక్కపిల్ల లాక్కుపోతుంటే ఎవరో వీడియో తీసి, మా పాటలో ఆ నాలుగు పాదాలు వేగం పెంచి దానికి తగిలించారట. అక్కణ్ణుంచి ఊరూవాడా అంటుకుంది. పళ్ళు తోముకుంటూ ఒకడు, ట్రాక్టరు నడుపుతూ ఒకడు, పెళ్ళికూతురి ముస్తాబులో ఒకామె, అందరూ అదే ముక్క. పాతికేళ్ళ కిందట ఒక్క క్యాసెట్టుగా వచ్చి, ఒక వేసవి మోగి, తర్వాత అణిగిపోయిన పాట. రెండో క్యాసెట్టు ఎవరూ కొనలేదు. నేను బస్సెక్కాను, అన్నయ్య ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం పెట్టాడు, కీబోర్డు వాయించే పొడుగాయన టైల్సు అమ్ముకున్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాం.

"మావయ్యకి వినిపించావా?" అన్నాను.

"నువ్వొచ్చాక వినిపిద్దామని ఆగా," అంది గొంతు తగ్గించి.

ముందు గది అన్నయ్యది. వణుకుడు జబ్బు మొదలై, స్క్రూడ్రైవరు బిగించి పట్టుకోలేని రోజు రాగానే దుకాణం తాళం వేసి మా ఇంటికి వచ్చేశాడు. చేతులు వణకడం ఒక్కటే కాదు, నడుస్తూ నడుస్తూ గడప దగ్గర కాళ్ళు అతుక్కుపోతాయి. మనసు పదమన్నా కాలు కదలదు. గీత కనిపిస్తే దాటడం తేలికని డాక్టరు చెప్పారు. మా ఆయన గోడలకి రంగులేసే మేస్త్రి. అంచులకి అంటించే పసుపు టేపు తెచ్చి గదిలోంచి వంటింటి దాకా నిచ్చెన మెట్లలాగా నేల మీద అంటించాడు. ఆ గీతలు ఎక్కడితో ఆగాయో అన్నయ్య లోకమూ అక్కడితో ఆగింది. వీధి గుమ్మం దాటి ఏడాది దాటిపోయింది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పిలిస్తే పలుకుతాడు, లేకపోతే లేదు.

అమ్మాయి ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది. అన్నయ్య తల వంచి ఆ నాలుగు పాదాలూ విన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ విన్నాడు.

"ఎందుకే అంత పరుగు?" అన్నాడు నావైపు తిరిగి. "మొదటి మాటే మెల్లగ అని కదా. ఒక్కడైనా వినిపించుకున్నాడా?"

అని నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన నవ్వు విని ఎంత కాలమైందో లెక్క లేదు. వంటింట్లోంచి మా ఆయన గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు, ఏమైందోనని.

* * *

వారం తిరక్కుండానే పొడుగాయన వచ్చాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. అయినా గుమ్మంలో తల వంచే అలవాటు పోలేదు. చేతిలో స్వీట్ల డబ్బా, మొహమంతా వెలుగు.

"చెల్లాయ్, మన అదృష్టం తలుపు తట్టింది! మ్యూజిక్ కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. వేసవి చివర్లో పెద్ద మైదానంలో ప్రోగ్రాం. పాత పాటలవాళ్ళందర్నీ స్టేజి ఎక్కిస్తున్నారు. మనల్ని రమ్మంటున్నారు."

"ఎవరెవర్ని?"

"మనల్నే. అంటే..." అని ఆగి అన్నయ్య వైపు చూశాడు. కుర్చీ చేతి మీద అన్నయ్య కుడిచెయ్యి దాని పాటికి అది వణుకుతోంది. జబ్బు సంగతి విన్నాడే గానీ కళ్ళారా చూడటం అదే మొదలు. చూపు పక్కకి తిప్పి స్వీట్ల డబ్బా దారం విప్పడంలో పడ్డాడు. "వాళ్ళే ట్రాకు వేస్తారట. ఆ ఫాస్ట్‌గా ఉన్నదే. మనం నిలబడి పెదాలు ఆడిస్తే చాలు. దరువు మిషనే వేసేస్తుంది. అన్న ఊరికే మాతో నిలబడినా సరే, రాకపోయినా..."

"మిషనే పెట్టుకోండి," అన్నాడు అన్నయ్య మామూలుగా. "నేను ఫోన్లో చూస్తాలే."

ఆ మామూలుతనమే నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. "అన్నయ్య వాయిస్తే పాడతా. పెదాలు ఆడించడాలు లేవు. నా గొంతుతో పాడతా, అన్నయ్య చేత్తో వాయిస్తాడు. అలాగైతేనే వస్తాం అని చెప్పు."

మా ఆయన దగ్గాడు. పొడుగాయన నోట్లో స్వీటు అలాగే ఉండిపోయింది. అన్నయ్య నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. అందులో సంతోషం ఇసుమంత కూడా లేదు.

పొడుగాయన వెళ్ళీ వెళ్ళగానే మొదలుపెట్టాడు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే? వాయిస్తానని నేను నిన్ను అడిగానా?"

"అడగలేదు."

"మరి? ఈ చేతుల్ని మైదానమంతటికీ చూపిద్దామనా? అందరూ ఫోన్లు పైకెత్తి తీస్తారు. రేపు పొద్దున్నకి నేనే ఇంకో కుక్కపిల్లనవుతా."

అది కాదనడానికి లేదు.

"ఇంకో సంగతి విను. నువ్వు పాడి ఎన్నేళ్ళయింది? ఈ ఇంట్లో నీ కూనిరాగం కూడా నేను వినలేదు. నీకు భయం. ఆ గొంతు ఇప్పుడు లేదని భయం. నీ భయానికి నా చేతులు అడ్డం పెట్టుకోకు."

అది తగలాల్సిన చోటే తగిలింది.

"సరే. పాట మొత్తం పాడి నీకు వినిపిస్తే కర్రలు పట్టుకుంటావా?"

"ముందు పాడు."

"పట్టుకుంటావా లేదా?"

"ముందు పాడవే!"

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా ఇంట్లో అలాంటివాళ్ళం ఇద్దరం. ప్రజ మాత్రం మా ఆయన ఒక్కడే, పాపం.

* * *

చివరి స్టాపులో బండి కాసేపు ఆగుతుంది. జనం దిగిపోయాక, తిరుగు ట్రిప్పుకి ఎక్కేవాళ్ళు ఇంకా రాకముందు, బస్సు నాదే. అక్కడ మొదలుపెట్టాను. ఇంజిను ఆన్‌లో ఉంచి పాడేదాన్ని, నా గొంతు నాకే సరిగ్గా వినపడకూడదని.

మూడో రోజో నాలుగో రోజో కండక్టరు బయట టీ తాగుతూ కిటికీలోంచి తల పెట్టింది. "ఇంజిను ఆపి పాడవే తల్లీ. ఏది ఏదో తెలియట్లేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఇంజిను ఆపాను.

కింది స్వరాలు బాగానే వచ్చాయి. చిక్కంతా ఆ 'వానా' దగ్గరే. అప్పట్లో అక్కడ గొంతు రివ్వున పైకి లేచేది. జనం చప్పట్లు కొట్టేది అక్కడే. ఇప్పుడు అక్కడికి ఎక్కబోతే గొంతు చీలి, పాత తలుపు కీచుమన్నట్టు వస్తోంది. రోజూ ఎక్కడం, రోజూ జారడం. వేణ్ణీళ్ళు తాగాను, మిరియాలు నమిలాను, కండక్టరు చెప్పిన చిట్కాలన్నీ చేశాను. రాలేదు. ఒకరోజు విసుగెత్తి స్టీరింగు మీద చేత్తో గట్టిగా కొట్టాను. హారను మోగి పక్క బస్సుల వాళ్ళందరూ తిరిగి చూశారు.

కండక్టరు వచ్చి నా వెనక సీట్లో కూలబడింది. "అసలు పైకి ఎందుకు ఎగురుతావ్? వాన పైనుంచి కిందికే కదా పడేది."

అది నవ్వించడానికే అన్నది. నేను నవ్వలేదు. కళ్ళు మూసుకుని, 'రావే' దగ్గర ఊపిరి పట్టి, 'వానా'ని పైకి విసరకుండా కిందికి వదిలాను. అది ఎక్కడా చీలకుండా, గొంతు అడుగు దాకా దిగి, అక్కడ నిలబడింది. ఆ అడుగున నాకొక గొంతు ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. కండక్టరు టీ గ్లాసు పక్కన పెట్టి, "ఇంకోసారి," అంది.

ఆ ఆదివారం అన్నయ్య ఎదురుగా పీట వేసుకుని కూర్చుని పాట మొత్తం పాడాను. అందరికీ తెలిసిన నాలుగు పాదాలే కాదు. ఆ తర్వాత బట్టలు తీయడానికి వెళ్ళిన పిల్ల తీగ దగ్గర నిలబడి, తీయాలా వద్దా అని ఆలోచించే రెండు చరణాలూ పాడాను. అన్నయ్య కిటికీ బయటికి చూస్తూ విన్నాడు.

"వానాని కిందికి దించావ్," అన్నాడు పాట అయిపోయాక.

"పైకి అందలేదు."

"ఊఁ." తల వంచుకున్నాడు. తర్వాత వంటింటి వైపు కేకేశాడు. "బావా! నీ దగ్గర ఖాళీ రంగు డబ్బాలున్నాయా?"

* * *

చిన్నవీ పెద్దవీ అరడజను డబ్బాలు బోర్లించి అన్నయ్య చుట్టూ అమర్చాడు మా ఆయన. పాత డ్రమ్ములు ఎప్పుడో ఎవరికో ఇచ్చేశాం. కర్రలు మాత్రం మా అమ్మాయి కొత్తవి కొనుక్కొచ్చింది.

అప్పుడు తెలిసింది మాకొక సంగతి. అన్నయ్య చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది. దెబ్బ వేయడానికి లేచిందా, వణుకు ఆగిపోతుంది. డబ్బా మీద కర్ర పడే ఆ క్షణం అది మునుపటి చెయ్యే. డాక్టరుని అడిగితే, ఈ జబ్బులో అలా ఉంటుందని చెప్పారు. మాకు మాత్రం అదొక వరంలా తోచింది. మాత్ర వేసుకున్న కాసేపటికి ఒంట్లో బిగువు తగ్గుతుంది. ఆ సమయం చూసుకుని సాధన. నేను డ్యూటీ దిగి చెప్పులు విడిచేసరికి ఆయన కర్రలు పట్టుకుని కూర్చుని ఉండేవాడు.

కానీ వేగం లేదు. వణుకు వేరు, మందగింపు వేరు. చెయ్యి లేస్తుంది, దెబ్బ పడుతుంది, మళ్ళీ లేవడానికి దాని సమయం అది తీసుకుంటుంది. పాట అసలు నడకకి కూడా ఆయన అరదెబ్బ వెనకపడేవాడు. అందుకోవాలని తొందరపడితే కర్ర జారేది. జారినప్పుడల్లా మా ఆయన ఏమీ జరగనట్టు వంగి తీసి ఇచ్చేవాడు.

ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా, తనని తాను పరీక్షించుకోవాలని అన్నయ్యకి బుద్ధి పుట్టింది. అమ్మాయి చేత ఫోన్లో ఆ పరుగు ముక్క పెట్టించుకుని, దానితో పాటు వాయించబోయాడట. కర్ర ఎగిరి కిటికీ అద్దానికి తగిలింది. అద్దం పగిలింది. అమ్మాయి ఏడుస్తూ గాజుపెంకులు ఏరుతోంది, నేను వెళ్ళేసరికి. అన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"అన్నయ్యా."

ఉలుకూ లేదు, పలుకూ లేదు. మర్నాడు కూడా అంతే. మాత్ర వేసుకున్నాడు, తిన్నాడు, పడుకున్నాడు. డబ్బాలు మంచం కిందికి తోసేశాడు. "బావ చేత కాదు, వదిలెయ్యవే," అన్నాడు మా ఆయన నా చెవిలో. "ఆయనకి అది శిక్షగా ఉంది."

వదిలేద్దామా అని నేనూ అనుకున్నాను. ఆ రాజుకి పౌరుషం, ఈ రాజుకి పట్టుదల, మధ్యలో నలుగుతున్నది ఒక మనిషి చేతులు. అయితే పొద్దున ఆయన గదిలోకి కాఫీ తీసుకెళితే, గోడవైపు తిరిగి పడుకున్నవాడి వేలు దుప్పటి మీద కదులుతూ కనిపించింది. వణుకు కాదు. రెండు దెబ్బలు, ఖాళీ, ఒక దెబ్బ. ఆ ఖాళీ మునుపటికన్నా చాలా పెద్దది.

కాఫీ కింద పెట్టాను. మంచం కిందనుంచి పెద్ద డబ్బా ఒకటి లాగి, ఆయన చేతి కిందికి జరిపాను. ఏమీ అడగలేదు. వేలు డబ్బా మీద పడింది. మళ్ళీ లేచింది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. అది లేచినప్పుడు ఊపిరి తీసుకున్నాను, పడినప్పుడు మాట వదిలాను. *మెల్లగ.* ఆగాను. అది మళ్ళీ పడేదాకా ఆగాను. *మెల్లగ.*

పల్లవి ఒక్కటే పూర్తి కావడానికి కాఫీ చల్లారిపోయింది. అన్నయ్య గోడవైపు మొహం పెట్టే, "మరీ నెమ్మదైపోయింది," అన్నాడు.

"అయితే అయింది."

"జనం పారిపోతారు."

"పారిపోనీ. బట్టలు నావి, మేడ నాది."

కాసేపటికి ఇటు తిరిగి, నన్ను చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచాడు. "చిన్నీ, ఆ చిన్న డబ్బా కూడా ఇటు తియ్యి."

* * *

కంపెనీ అమ్మాయి స్వయంగా ఇంటికొచ్చింది. మంచి పిల్లే. చెమటలు కక్కుకుంటూ మా ఫ్యాను కింద కూర్చుని, మేం పాడింది మర్యాదగా చివరిదాకా విన్నది. విన్నాక పెదవి కొరుక్కుంది.

"చాలా బాగుంది మేడమ్. నిజంగా. కానీ పిల్లలందరికీ తెలిసింది ఫాస్ట్‌ది. వాళ్ళు దానికే ఎగరడానికి వస్తారు. ఇది వింటే... ఏమనుకుంటారో."

"వాళ్ళకి తెలిసింది నాలుగు పాదాలేనమ్మా," అన్నాను. "మిగతా పాట మా దగ్గరే ఉంది. అది వినాలంటే మా దగ్గరికి రావాలి."

"మా సార్ ఒప్పుకోరండి. పాడటానికి వేరే అమ్మాయిని కూడా చూసి పెట్టారు."

"పెట్టుకోమను. ఆ అమ్మాయి పాడితే మేం ఇంట్లో కూర్చుని వింటాం. మేం పాడితే మాత్రం ఇలాగే."

ఆ పిల్ల అన్నయ్య వైపు చూసింది. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని వణుకు దాచుకుంటున్నాడు. ఉన్నట్టుండి వాటిని బయటికి తీసి, కనపడేలా కుర్చీ చేతుల మీద పెట్టాడు.

"అమ్మాయీ, మీ సారుకి చెప్పు. నా చేతులు ఇంతే. దాస్తే ఇంకా ఎక్కువ వణుకుతాయి."

మూడు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. అందరికన్నా ముందు, ఎండ ఇంకా ఉండగానే, జనం వచ్చి కూర్చుంటున్న వేళకి మమ్మల్ని వేశారట. ఎవరికీ అక్కర్లేని చోటన్నమాట. మాకు చాలు.

పొడుగాయన సంగతి తేలలేదు. అతను కంపెనీవాళ్ళ పక్షానే ఉన్నాడనుకున్నాం. ప్రోగ్రాంకి ముందురోజు కీబోర్డు భుజాన వేసుకుని దిగాడు. గుమ్మంలో తల వంచి, అక్కడే నిలబడిపోయాడు.

"ఇన్ని రోజులూ ఏ మొహం పెట్టుకుని ఆగావ్?" అన్నాను.

"నిజం చెప్పనా? నా వేళ్ళకి కీళ్ళవాతం. ఆ వేగం నాకూ అందదు. మిషన్ వేస్తే ఎవరికీ తెలియదు కదా అని..." అన్నాడు నేల చూపులు చూస్తూ.

అన్నయ్య పగలబడి నవ్వాడు. "రారా, రా. పరిగెత్తలేనివాళ్ళ జట్టులోకి ఇంకొకడు!"

* * *

మైదానంలో ఎండ చురుక్కుమంటోంది. జనం సగమే ఉన్నారు. స్టేజి పక్కన మెట్ల దగ్గర మా ఆయన అన్నయ్య భుజం పట్టుకుని, "ముందే తీసుకెళ్ళి కూర్చోబెట్టేస్తా బావగారూ," అన్నాడు.

"నడిచే వెళ్తా."

మెట్లెక్కాడు. స్టేజి అంచు దగ్గర, చెక్క రంగు మారే చోట, కాళ్ళు అతుక్కుపోయాయి. నేను మైకు దగ్గరున్నాను. వెనక్కి వెళ్ళి చెయ్యి పట్టుకోవాలని ప్రాణం కొట్టుకుంది. ఆయన నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. అందరూ చూస్తున్నారు. ఫోన్లు లేచాయి. ఒకడెవడో ఈల వేశాడు. అన్నయ్య కళ్ళు మూసుకుని, పెదాలతో ఏదో లెక్క పెట్టుకుని, అడుగు తీశాడు. తర్వాత ఇంకొకటి. వెళ్ళి డ్రమ్ముల వెనక కూర్చున్నాడు.

నేను మైకు ఎత్తగానే కింద పిల్లలు గుర్తుపట్టి కేకలు పెట్టారు. మేం మొదలుపెట్టేలోపే వాళ్ళే అందుకున్నారు, ఆ ఎలుక గొంతుతో, ఆ పరుగుతో. మైదానమంతా ఎగురుతోంది. పొడుగాయన భయంగా నావైపు చూశాడు. నేను అన్నయ్య వైపు చూశాను. ఆయన కర్రలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళ వెనక పరిగెత్తే ఉద్దేశమే లేదు. నేనూ మైకు దించాను.

నాలుగు పాదాలూ అయిపోయాయి. మళ్ళీ అవే పాడారు. మూడోసారి సగంలో సద్దుమణిగింది. ఆ తర్వాత మాటలు వాళ్ళకి రావు. వేలమంది నోళ్ళు తెరుచుకుని ఏం పాడాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎక్కడో నవ్వులు వినిపించాయి, అవీ ఆగాయి.

అప్పుడు అన్నయ్య కర్రలు తీశాడు.

రెండు దెబ్బలు. ఖాళీ. నేను ఊపిరి పట్టాను. ఒక దెబ్బ.

పాడాను. ఎలా పాడానంటే చెప్పలేను. ముందు వరసల్లో కొందరు లేచి చల్లటి నీళ్ళ కోసం వెళ్ళిపోవడం కనిపించింది. ఎక్కువమంది ఉన్నారు. రెండో చరణంలో ఒక దెబ్బ పడలేదు. చెయ్యి గాలిలో ఆగిపోయింది. 'వానా' అన్న మాటని నేను కిందికి దించి అక్కడే పట్టుకున్నాను. పొడుగాయన కూడా వేలు తియ్యలేదు. మేమిద్దరం ఆ స్వరం మీద నిలబడి ఎదురు చూశాం. చెయ్యి దిగింది. దెబ్బ పడింది. ముందుకి వెళ్ళాం.

చప్పట్లు కొట్టారు. మరీ మైదానం దద్దరిల్లేటంత కాదు. తర్వాత పాడిన జట్టుకి మాకన్నా ఎక్కువే కొట్టారు. దిగి వచ్చేటప్పుడు అన్నయ్య చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. "ఒక దెబ్బ మింగేశా," అన్నాడు.

"విన్నా."

"నువ్వు ఆగావు."

"మరి నిన్ను వదిలేసి ఎక్కడికి పోతా?"

అన్నయ్య మా ఆయన అందించిన నీళ్ళ సీసా రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

* * *

మా నెమ్మది పాట వీడియో కూడా తిరిగిందట, కొంచెం. పరుగు పాటంత కాదు. కాలేజీలు తెరిచేసరికి నా బస్సు వెనక వరసలో పిల్లలు ఇంకేదో కొత్త ముక్క పెట్టుకుని నవ్వుతున్నారు. అది ఎవరిదో, ఎన్నేళ్ళనాటిదో, పాడినావిడ ఇప్పుడు ఎక్కడ ఏ పని చేస్తోందో అని ఆలోచించాను.

ఆ పొద్దున బస్సు రద్దీగా ఉంది. మా వీధి మలుపులో స్టాపు దగ్గర బండి ఆపి చూద్దును కదా, ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్తంభం పట్టుకుని అన్నయ్య నిలబడి ఉన్నాడు. ఒక్కడే. ఇంట్లో ఎవరికీ చెప్పినట్టు లేదు.

"ఎక్కడికి?" అన్నాను కిటికీలోంచి.

"ఆఖరి స్టాపు దాకా. టిక్కెట్టు కొంటాలే, కంగారుపడకు."

ముందు తలుపు తెరిచాను. ఆయన కడ్డీ పట్టుకుని కాలెత్తాడు. మెట్టు మీద కాలు పెట్టాడు. అక్కడ ఆగిపోయింది. కండక్టరు రెండు అడుగులు ముందుకేసి, నా మొహం చూసి, ఉన్నచోటనే నిలబడింది. వెనకనుంచి కార్లు, ఆటోలు, లారీ, అన్నీ కలిసి హారన్లు మొదలుపెట్టాయి. లోపల ఎవరో వాచీ చూసుకుని, "ఏంటమ్మా, ఇంకా ఎంతసేపు?" అని అరిచారు.

"ఎక్కేవాళ్ళున్నారు," అన్నాను.

స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అన్నయ్య రెండో కాలు పైకి వచ్చింది. ముందు సీటు దాకా వచ్చి, కూర్చుని, చొక్కా సర్దుకున్నాడు. నేను అద్దంలో చూసి, తలుపు వేసి, బండి కదిలించాను.